కుర్చీలో నులిపురుగు

మా మామయ్య వడ్రంగి. తొమ్మిదేళ్ళ కిందట ఆయన చేసిన కుర్చీ చేతికి ఒకరోజు ఉన్నట్టుండి చిన్న బెజ్జం పడి, అందులోంచి ఒక పెంకుపురుగు బయటికొచ్చింది. చెక్క లోపల అన్నేళ్ళు ఎలా బతికిందో దానికే తెలియాలి. రెండు రోజులకు అది చచ్చిపోతే అగ్గిపెట్టెలో పెట్టి నాకు తెచ్చిచ్చాడు. నీకు పురుగుల పిచ్చి కదా, ఉంచుకో అన్నాడు. దాని ఒంటి మీంచి పాకి వచ్చినవే నా నులిపురుగులు. కంటికి ఆనవు. మైక్రోస్కోప్ కింద మాత్రం నీళ్ళలో తేలే వెంట్రుకల్లా మెల్లగా, ఒయ్యారంగా కదులుతాయి. ఇలాంటివి ఇంకెక్కడా దొరికినట్టు ఎవరూ రాయలేదు.

మా ల్యాబ్‌లో అందరూ పనిచేసేది వేరే నులిపురుగు మీద. దాన్ని ప్రపంచంలో అందరూ ఎరుగుదురు. గాజుసూదితో తల్లి కడుపులోకి జన్యు కత్తెర, అంటే అనుకున్న జన్యువును తెంచే మందు, ఎక్కిస్తే మూడో రోజుకల్లా మారిన పిల్లల్ని కనేస్తుంది. అంత బుద్ధిమంతురాలు. నాది మొండిఘటం. రెండేళ్ళపాటు పొడిచాను. నా తల ప్రాణం తోకకొచ్చింది గానీ దానికి చీమ కుట్టినట్టయినా లేదు. నేను అనుకున్న జన్యువు తెగితే పిల్లలు తిన్నగా పాకలేక గుండ్రంగా తిరుగుతాయి, వాటిని పెంచే జెల్లీ ప్లేటు మీద సున్నాలు పడతాయి. ఆ సున్నాల కోసం కళ్ళు కాయలు కాశాయి. ఏ ప్లేటు చూసినా పాత వంకరటింకర దారులే.

మధ్యాహ్నాలు మైక్రోస్కోప్ దీపం వెచ్చగా మొహానికి తగులుతుంటే కునుకు పట్టేది. అప్పుడు నేను కూర్చున్న గదే ప్లేటైపోయేది. తెల్లటి గోడల మధ్య, మెత్తటి నేల మీద నేను పాకుతూ ఉంటాను. పైనెక్కడో ఒక పెద్ద కన్ను నన్నే చూస్తూ ఉంటుంది. భయం వేసేది కాదు. ఎటు పోవాలో ఎవరైనా చెబితే బాగుండునని మాత్రం అనిపించేది.

ఆ సోమవారం మా పెద్దాయన పిలిచి కూర్చోబెట్టాడు. ల్యాబ్ ఆయనది, మనిషి మంచివాడే. శుక్రవారం దాకా చూద్దామనీ, ఆ తర్వాత నా అలమర ఖాళీ చేసి అందరి పురుగు మీదకు మారిపొమ్మనీ చెప్పాడు. ఖాళీ చేయడమంటే ప్లేట్లన్నీ ఆవిరిలో ఉడకబెట్టి పారేయడం. అందరి పురుగునైతే గడ్డకట్టించి దాచుకోవచ్చు. నాది గడ్డకడితే మళ్ళీ లేవదు, మూడుసార్లు చూశాను. కుర్చీలోంచి వచ్చిన ఆ వంశం శుక్రవారంతో సరి. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. తల ఊపి వచ్చేశాను.

సాయంత్రం మామయ్య పనిచేసే షెడ్డుకి వెళ్ళాను. ఆయన చిత్రిక పడుతుంటే ఆ కుర్చీలోనే కూలబడి నా గోడంతా వెళ్ళబోసుకున్నాను. సూది సరిగ్గా దిగిన తల్లులు గుడ్లే పెట్టవనీ, మూడో రోజుకి కట్టెలా బిగుసుకుపోతాయనీ చెప్పాను. సరిగ్గా దిగనివేమో సుబ్బరంగా కంటాయి, కానీ పుట్టేవన్నీ ఎప్పటిలాంటివే. చచ్చినవాటిని ఏం చేస్తావని అడిగాడు. తీగతో ఎత్తి మంటలో పెడతానన్నాను. చచ్చినదాన్ని ఉంచితే ప్లేటు బూజు పడుతుందని మొదటి రోజు నుంచీ మాకు నేర్పారు.

ఆయన చిత్రిక ఆపాడు.

"చచ్చిందని నీకెలా తెలుసు?"

"కదలదు మామయ్యా. పొడిచినా కదలదు."

"నువ్వు కూర్చున్న చెక్క కూడా కదల్లేదే కోడలు పిల్లా. చచ్చిందనే కదా పాలిష్ పెట్టాను."

నాకసలే ముక్కు మీద కోపం. పురుగుల గురించి నాకే పాఠం చెబుతున్నాడా అని విసురుగా లేచి వచ్చేశాను. కానీ ఆ మాట చెవిలో ఇల్లు కట్టుకుంది.

మర్నాడు మంగళవారం, అంతకుముందు శనివారం నేను పొడిచిన తల్లి ఒకటి బిగుసుకుని కనిపించింది. అలవాటుగా తీగ చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ కింద పెట్టేశాను. అదీ మామయ్య మీద కోపంతోనే, ఆయన మాట తప్పని చూపిద్దామనే. బుధవారం ఏమీ లేదు. గురువారం మధ్యాహ్నం దీపం వెచ్చదనానికి కన్ను మూతపడింది. తెరిచేసరికి ఆ చచ్చిన తల్లి కదులుతోంది. ఇంకా కలలోనే ఉన్నాననుకుని కళ్ళు నులుముకున్నాను. కదిలేది తల్లి కాదు. గాజులాంటి ఆ ఒంటి లోపల ఆరేడు పిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. కనే ఓపిక లేని తల్లి గుడ్లను కడుపులోనే ఉంచేసుకుంది. పిల్లలు అక్కడే పుట్టి, ఆమెనే తిని పెరుగుతున్నాయి.

శుక్రవారం పొద్దున్నకు తల్లి లేదు, పలచటి తొక్క మిగిలింది. దాని చుట్టూ సున్నాలు. చిన్నవీ పెద్దవీ, ఒకదాని మీద ఒకటి. నాలుగు పిల్లలు తిన్నగా పోవడం చేతగాక గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. పెద్దాయన చాలాసేపు చూశాడు. నీ అలమర జోలికి ఎవరూ రారులే అన్నాడు. తర్వాత తల ఎత్తి మెల్లగా అడిగాడు.

"ఇంతకుముందు ఇలా బిగుసుకుపోయినవి ఎన్నమ్మా?"

నోట్‌బుక్ తెరిచాను. చచ్చింది, కాల్చేశాను. చచ్చింది, కాల్చేశాను. రెండేళ్ళ పేజీల నిండా నా చేతిరాతే. సూది సరిగ్గా దిగినవన్నీ అవే. సంతోషంతో గంతులెయ్యాల్సినదాన్ని, ఆయన ముందే వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన నా బల్ల దగ్గరికి వెళ్ళి, తీగ కాల్చడానికి నేను పొద్దున్నే వెలిగించి పెట్టుకున్న మంట ఆర్పేశాడు.