లేని వాసన

పొద్దున్నే టీ పెడదామని వంటగదిలోకి వెళ్తే మళ్ళీ గ్యాస్ వాసన. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీ తెరిచి, మా ఆయన సూర్యప్రకాష్‌ని కేకేశాను. "పైపు లీకవుతంది. మార్చమని ఎన్నాళ్ల నుంచి చెప్తన్నాను?"

ఆయన వచ్చి గట్టిగా ఊపిరి పీల్చాడు. "ఏటీ రాట్నేదే. నీ దిమాగ్‌లోంచి వత్తందేమో."

ఏళ్ల తరబడి ఉక్కు ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర కాంట్రాక్టు పని చేసి ఆయన ముక్కు చచ్చిపోయింది. డాక్టరే చెప్పాడు. అయినా బిర్సానగర్‌లోని మా రెండు గదుల ఇంట్లో ఏది ఉందో, ఏది లేదో తేల్చేది ఇప్పటికీ ఆ చచ్చిన ముక్కే. పప్పు మాడిందంటే మాడలేదు. అత్తగారు మంచాన పడ్డప్పుడు ఆవిడ పక్కబట్టలు పూటపూటా ఉతికి నా చేతులు ఒరుసుకుపోతే, "అమ్మ కాడ వాసనేటి? ఊరికే పని కల్పించుకుంటావు" అన్నాడు. తాగొచ్చిన రోజూ వాసన లేదు! మొదట్లో ఒళ్లు మండిపోయేది. ఈ మధ్య నా మీద నాకే అనుమానం పట్టుకుంది. నాకే ఏమైనా అయిందా? ఆయనకి తెలియనిది లోకంలో లేనే లేదా?

"కల్యాణీ, నీకొత్తందేటే?" అని మా అమ్మాయిని అడిగాడు. స్కూలు బట్టల్లో, చున్నీతో ముక్కు మూసుకుని గుమ్మంలో నిలబడి ఉందది. తండ్రి మొహం చూసింది. చున్నీ దించేసింది.

"నహీ పాపా. కుఛ్ నహీ." ఏమీ రావట్లేదంది.

నేనంటే ఎలాగూ ఇలా అయిపోయాను, నా కూతుర్ని కూడా ఇలాగే తయారుచేస్తాడా ఈ మనిషి?

"ఇన్నావా?" అంటూ నేను కట్టేసిన రెగ్యులేటర్ మళ్ళీ తిప్పి, లైటర్ చేతిలోకి తీసుకున్నాడు. "ఇప్పుడు ఎలిగిత్తాను. ఏటవుద్దో సూద్దాం."

"ఆగు. పిల్లని తీసుకుని బయటికెల్తాను. అప్పుడు నొక్కు."

పక్కింటి సూరమ్మగారి గోడ దాటి నిలబడ్డాం. "నొక్కవేటి? వాసన నేదుగదా!" అని అరిచాను. వీధి వీధంతా విన్నది. విననీ.

లోపల్నుంచి టక్కుమని చప్పుడైంది. లైటర్ కాదు. రెగ్యులేటర్ కట్టేశాడు.

ఆయన ముక్కు చచ్చిన మాట నిజమే. కానీ నేను చెప్పే ప్రతి మాటా నిజమని ఆయనకి మొదటి నుంచీ తెలుసు.

గుమ్మంలోకి వచ్చి, "సాల్లే తమాషా, లోపలికి రండి" అన్నాడు.

నేను కదల్లేదు. "కల్యాణీ, నీకు వాసనొచ్చిందా?"

అది మళ్ళీ తండ్రి వైపు చూడబోయింది. గడ్డం పట్టుకుని మొహం నా వైపు తిప్పుకున్నాను.

"ఆయన్నడిగి కాదు. నువ్వు చెప్పు."