ఎర్ర గుడ్డ కట్టిన సంచి

బెరడు సంచి మూతి కట్టడానికి అటకెక్కిన లెవీనా కొయ్యబారిపోయింది. దానికి కొత్త సరుకు గుర్తుగా కట్టే ఎర్ర గుడ్డ వేలాడుతోంది. అంటే ఈ వేసవిలోనే ఒలిచిన చిట్టెం చెట్టు పచ్చి బెరడు. ఏడాది నిలవ ఉంచితేనే అది మలబద్ధకానికి మందు. పచ్చిది పేగుల్ని మెలిపెట్టేస్తుంది. ఆ కషాయాన్నే ఇందాక, చుక్క మిగలకుండా కడుపులోకి దిగాలని ప్రార్థించి మరీ, భర్తకు ఇచ్చి వచ్చింది.

గబగబా కిందికి దిగింది. గిన్నె ఖాళీగా ఉంది.

"తాగేశావా, ఓరిన్?"

"ముప్పై ఏళ్లుగా నీ కషాయం తాగుతున్నానే. వాసన తేడా కొడితే కిటికీలోంచి పారబోశా. నన్ను వదిలించుకుందామనుకున్నావా ఏంటి?"

లెవీనా నేలమీద కూలబడింది. తన ప్రార్థన వినకపోవడమే దేవుడు చేసిన మేలా?