విజయ్ నీడకు నీళ్లు

ప్రతి శనివారం విజయ్ కంటే ముందు అతని నీడ తరిగొప్పుల చేరేది. అతను జనగామలో రైలు దిగేసరికే అది ఊరి కిరాణా కొట్టు దాటి వచ్చి ఇంటి గడప ముందు నిలబడేది. అతని భార్య శశికళ చెంబెడు నీళ్లు దాని కాళ్ల మీద పోసేది. "తమ్ముని నీడ అచ్చిందా శశీ?" అని పక్కింటి సోమక్క అడిగి, ఔనంటే ఇంత కూర తెచ్చిపెట్టేది.

విజయ్‌ది హైదరాబాదు పక్కన సర్కారు కంపెనీలో ఉద్యోగం. ఒకప్పుడు అణు రియాక్టర్ల గొట్టాల కోసం పెట్టిన ఆ కంపెనీ ఇప్పుడు అరుదైన లోహాలు శుద్ధి చేసి రాకెట్లకూ అమ్ముతోంది. అక్కడ అతని పని లోహపు పొడితో. దాన్ని ఎప్పుడూ నీళ్లలోనే ఉంచాలి. ఆరిందా, అగ్గిపుల్ల అక్కర్లేదు, దానంతటదే అంటుకుంటుంది. అక్కడ పనిచేసేవాళ్ల నీడలూ అంతే. అందుకే అలాంటి ఇళ్లలో కొత్త కోడలికి వంటిల్లు చూపించిన రోజే అత్త ఆ చెంబూ చూపిస్తుంది.

ఆ శనివారం పొద్దున విజయ్ ఫోన్ చేశాడు. "శశీ, రేపటికి రానీకి అయితలేదు. అర్జెంట్ ఆర్డరట, సెలవిస్తలేరు."

మర్నాడే కొమురవెల్లి మల్లన్న గుడిలో బిడ్డ అక్షర పుట్టువెంట్రుకలు. చుట్టాలకు చెప్పారు, వ్యాను మాట్లాడారు. శశికళకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం నీడ మాత్రం వచ్చి తల వంచుకుని నిలబడింది.

"మనిషికి తీరదు గని నీకు తీరిందా? ఎండల్నే ఉండు!" అని తలుపు గొళ్లెం పెట్టేసింది.

కాలు విరిగి మంచం పట్టిన అత్త భూదేవి లేవలేక అరిచింది. "కోపముంటె మనిషి మీద సూపియ్యి బిడ్డా! జర నీళ్లు వొయ్యి!"

"ఒక్క పూట ఎండనియ్యి అత్తమ్మా. ఎదురుసూస్తె ఎట్లుంటదో తెలుస్తది."

అందే గానీ చేయి పనిలో నిలవలేదు. బియ్యం ఏరుతూ తలుపు వైపే చూసింది. కాసేపటికి కాలుతున్న వాసన. తలుపు తీస్తే గడప పసుపు మాడిపోయింది. నీడకు మోకాళ్ల కింద ఏమీ లేదు, మిగతాది అంచుల్లో ఎర్రగా రగులుతోంది. బిందె ఎత్తి కుమ్మరించింది. చుయ్‌మంది. ఆవిరి తగ్గాక గచ్చు మీద తడి తప్ప ఏమీ మిగల్లేదు. విజయ్‌కు ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. శశికళ అక్కడే కూలబడి ఏడ్చింది.

పొద్దుగూకకముందే విజయ్ ఆటో దిగాడు, నవ్వుతూ.

"తొట్టిల నీళ్లెప్పుడు ఇంకినయో ఎవ్వరు సూడలె, పొడి అంటుకున్నది. సుట్టూ మంటలే శశీ! నాకు ఒక్క వెంట్రుక గూడ కాలలె. పని బంద్ వెట్టి అందర్ని ఇంటికి వొమ్మన్నరు." బిడ్డను ఎత్తుకున్నాడు. "రేపు కొమురెల్లి పోదాం!"

భూదేవి మల్లన్నకు దండం పెట్టింది. శశికళ అతని కాళ్ల కింద చూసింది. ఏటవాలు ఎండలో గచ్చు మీద అక్షర నీడ ఒక్కటే ఉంది, ఎవరూ ఎత్తుకోకుండానే గాలిలో ఆగినట్టు.

మొక్కు తీరింది. మళ్లీ పనిలోకి రమ్మని కబురొచ్చింది.

"పోవద్దు, నీ కాళ్లు మొక్కుత," అంది శశికళ.

"సర్కారు నౌకరి ఎవడన్న ఇడుస్తడా? మంటలే నన్ను ముట్టలేదాయె," అని అతను బస్సెక్కాడు.

శనివారం మధ్యాహ్నం శశికళ నిండు బిందెతో గడపలో నిలబడింది. సోమక్క తలుపు సందులోంచి చూసి, కూర గిన్నెతో మళ్లీ లోపలికి పోయింది. శశికళ ఉత్త గచ్చు మీద నీళ్లు పోస్తూనే ఉంది. ఈసారి అతని బదులు కాలడానికి నీడ కూడా లేదు.