ఓరికు అవ్వ మడిలో దెంజురో

కొలువిచ్చిన ప్రభువు సంస్థానం పోగొట్టుకున్నాక హిరానుమా దెంజురోకి మిగిలినవి నడుముకి రెండు కత్తులు, ఒంటినిండా పౌరుషం. నాలుగేళ్ళుగా ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాడు. ఎవరైనా జాలిపడి కూలిపని చెప్పబోతే, "సమురాయ్‌ని పట్టుకుని మట్టి పిసకమంటావా?" అని గుడ్లురిమేవాడు. అందుకే షినానో కొండదారి దిగేసరికి అన్నం మొహం చూసి రెండు రోజులయింది.

కొండ కింద, నీళ్ళు నిండిన మడి గట్టు మీద ఓరికు అనే ముసలావిడ దిగాలుగా కూర్చుని ఉంది. అతన్ని చూడగానే లేచి వంగి దండం పెట్టింది. చూపు మాత్రం అతని పిక్కల మీదే నిలిచింది.

"దొరగారు కత్తిసాము నేర్చినవారా?"

"కనబడ్డంలేదా అవ్వా?"

"ఆ పిక్కలు చూసే అడిగా బాబూ. నిరుడు ఇలాగే ఒక వస్తాదుగారొచ్చారు. బురదలో నిలిచిన కాలే పోరులో నిలుస్తుందట. మా మడిని ఈ మూల నుంచి ఆ మూలకి, జానెడు వదలకుండా తొక్కుతానని దిగారు. పాపం, సగంలోనే కూలబడ్డారు."

"సగంలోనా?" దెంజురో నవ్వాడు.

"పోన్లెండి, అది అందరివల్లా అయ్యేది కాదు. మీరు పదండి, పొద్దెక్కుతోంది."

ఆ మాటతో అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. కత్తులు గట్టు మీద పెట్టి, గోచీ బిగించి దిగాడు. మోకాలి లోతు బురద. అవ్వ గట్టు వెంట నడుస్తూ, "అక్కడ గట్టిగా ఉంది దొరా! ఆ వస్తాదు అడుగు తప్పింది అక్కడే!" అని ఎగేస్తూనే ఉంది. అతను తొక్కుతూనే ఉన్నాడు. పొద్దు వాలేసరికి మడి మెత్తని గంజిలా అయింది. దెంజురో విజయగర్వంతో నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

అప్పుడే పక్కపొలం రైతు మొసుకె ఎద్దును తోలుకుంటూ వచ్చాడు.

"పిన్నీ, నా పని ఇప్పుడే తెమిలింది, నీ మడి దమ్ము చేద్దామని... అరె, అయిపోయిందే! నిరుడు సన్యాసి, ఈ ఏడు సమురాయా? నీ నోరుండగా ఎద్దెందుకులే!"

దెంజురో ముఖం కందగడ్డ అయింది. "ముసలిదానా!" అంటూ గట్టు మీది కత్తి వైపు దూకబోయాడు. కాళ్ళు బురదలోంచి రాలేదు. చివరికి ఎద్దుకి తాడు కట్టి అతన్ని బయటికి లాగారు.

ఓరికు తలవంచి అతని ముందు కూర్చుంది. "వస్తాదూ లేడు, ఎవరూ లేరు బాబూ. మా ఎద్దు ముందటేడు చలికాలంలో చచ్చిపోయింది. కాలవ నీళ్ళు మా వంతుకి ఇవాళొక్కరోజే. కూలికి రమ్మంటే సమురాయ్‌లు వస్తారా?"

ఆవిడ బార్లీ అన్నం, పులిసిన సోయాముద్దతో కాచిన వేడివేడి మిసో పులుసు, ఊరవేసిన ముల్లంగి తెచ్చిపెట్టింది. వద్దనాలనే అనుకున్నాడు. నోరు తెరిచాడు గానీ, ముద్ద లోపలికి పోయింది. నాలుగో గిన్నెకి కోపం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

"రేపు నాట్లా?" అడిగాడు, గిన్నెలోకి చూస్తూ.

"అవును. ఆడవాళ్ళు డోలు దరువుకి నాటుతారు. డోలు కొట్టేవాడికి జ్వరం..."

"ఇంకో కథ అల్లావంటే ఊరుకోను! తిన్నగా అడుగు."

"డోలు కొడతావా నాయనా?"

మర్నాడు అతను గట్టు మీద నిలబడి డోలు వాయించాడు. దరువు ఏమాత్రం కుదరలేదు. "దొరా, మేం నాటేది నారు, పరుగుపందెం కాదు!" అని ఆడవాళ్ళు నడుములు పట్టుకుని అరిచారు. దెంజురో చెమట తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి నెమ్మదిగా.