తాళంకప్ప ప్రూయిట్

జవాంటే ప్రూయిట్ పదకొండేళ్లుగా వెనక్కి పరిగెత్తి బతుకుతున్నాడు.

ఉద్యోగమే అలాంటిది. మొబీల్ హెరాన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో అతను కార్నర్‌బ్యాక్. ఎదుటి జట్టులో బంతి పట్టేవాడు ముందుకు దూసుకొస్తుంటే, వాడి నడుము మీదే చూపు నిలిపి వెనక్కి పరిగెత్తాలి. వాడు తిరిగితే తిరగాలి, ఎగిరితే ఎగరాలి, బంతి వాడి చేతికి అందకుండా కొట్టెయ్యాలి. ఇందులో ఒక చిక్కుంది. ఈ పని బాగా చేస్తే ఏమీ జరగదు. బంతి విసిరేవాడు ఇటు ఒకసారి చూసి, లాభం లేదనుకుని అటువైపు విసిరేస్తాడు. టీవీ కెమెరా కూడా బంతి వెంటే పోతుంది. మధ్యాహ్నమంతా చెమటోడ్చినవాడు తెర మీద ఒక్కసారైనా కనబడడు.

ఈ అన్యాయాన్ని జవాంటే నోటితో సరిదిద్దుకున్నాడు. ఆట మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా మాట్లాడుతూనే ఉంటాడు. ఎదుటివాడి బూట్ల గురించి, జుట్టు గురించి, వాళ్ల అమ్మమ్మ చేసే మొక్కజొన్న రొట్టె గురించి. ఎదుటివాడు వినకపోతే రిఫరీకి చెబుతాడు. రిఫరీ పక్కకు జరిగితే గడ్డికి చెబుతాడు.

బంతిని కొట్టి పడేసినప్పుడల్లా చేసే తంతు ఒకటి వేరే ఉంది. జనం వైపు తిరిగి, ఛాతీ దగ్గర కనబడని తాళంకప్ప ఒకటి వేసి, తాళంచెవి తిప్పి, ఆ చెవిని గిరాటేసినట్టు స్టేడియంలోకి విసురుతాడు. అప్పుడు జనమంతా జేబుల్లోంచి కారు తాళాలు తీసి గలగలలాడిస్తారు. ఆ చప్పుడు వింటే జవాంటేకి అన్నం అక్కర్లేదు. అతని మెడలో గుప్పెడంత బంగారు తాళంకప్ప వేలాడుతుంటుంది. 'తాళంకప్ప' అనే పేరు ఎవరు పెట్టారని అడిగితే, జనం పెట్టారంటాడు. జనాన్ని అడిగితే, ఆయనే పెట్టుకున్నాడంటారు.

అతనికి ఇంకో గొప్ప విద్య కూడా ఉంది. మరిచిపోవడం. హైస్కూల్లో ముసలి కోచ్ ఓడెల్ నేర్పాడు: బంతి మనల్ని దాటిపోతే అక్కడే మరిచిపో, మనసులో పెట్టుకుంటే తర్వాతి బంతి కూడా పోతుంది అని. కార్నర్‌బ్యాకులందరికీ ఈ పాఠం చెబుతారు. జవాంటే మాత్రం దాన్ని మైదానం బయటికి కూడా తెచ్చాడు. ఓడిన ఆటలు మరిచాడు. ఇచ్చిన మాటలు మరిచాడు. పెళ్లికూతురి వాళ్ల ఊరు మరిచిపోయి, తన పెళ్లికి తనే ఆలస్యంగా వెళ్లాడు. ఆ పెళ్లి ఎందుకు నిలవలేదో కూడా ఇప్పుడు అతనికి గుర్తులేదు.

"నువ్వు మరిచిపోయినవన్నీ గుర్తుపెట్టుకోలేక నేను చస్తున్నాన్రా" అంటుంది వాళ్లమ్మ ఎర్నస్టీన్.

ఈ ఆగస్టులో మాత్రం మరిచిపోవడానికి వీల్లేని సంగతి ఒకటి వచ్చిపడింది. జట్టులో కార్నర్‌బ్యాకులు ఒకరు ఎక్కువయ్యారు. మిగిలిన ఒక్క చోటుకి ఇద్దరు పోటీ: జవాంటే, లూసియానా నుంచి కొత్తగా వచ్చిన ఎమెట్ టూసాన్. కోచ్ రాడ్కీ ఇద్దర్నీ పిలిచి తేల్చి చెప్పాడు. "గురువారం ఆట చూసి నిర్ణయిస్తాను. ప్రూయిట్, నువ్వు నోరు మూసుకుని ఆడితే చాలు."

"నోరు మూసుకునా?" అన్నాడు జవాంటే, ఒంటికాలి మీద ఆడమన్నట్టు.

ఎమెట్ మాట్లాడడు. కొత్తవాళ్లు పాతవాళ్ల సామాను మొయ్యాలి, ప్రయాణాల్లో వాళ్లకి వేయించిన చికెన్ తెచ్చిపెట్టాలి. అది జట్టులో ఆచారం. ఎమెట్ జవాంటే హెల్మెట్టు, భుజాల కవచం తన వాటితో కలిపి మోసుకుంటూ వెనకాలే నడుస్తాడు. ఆ పిల్లాడిలో జవాంటేకి నచ్చనిది ఒక్కటే.

"చికెన్ తెచ్చాను బాబాయ్."

"ఇంకోసారి బాబాయ్ అన్నావంటే నాలుక కోస్తా. నీకంటే ఎంత పెద్దవాణ్ణిరా నేను?"

"మీరు మొదటి ఆట ఆడినప్పుడు నేను ఐదో క్లాసు బాబాయ్. నా లంచ్ డబ్బా మీద మీ బొమ్మే ఉండేది."

సంతోషించాలో ఏడవాలో తెలియక, "చికెన్‌లో కారం తక్కువైంది" అన్నాడు జవాంటే.

గురువారం పొద్దున ఎర్నస్టీన్ ఫోన్ చేసింది. "ఒరేయ్, ఒక్కరోజు. ఒక్కరోజు నోటికి తాళం వేసుకో. ఊరందరికీ వేస్తావుగా."

"అమ్మా, నేను మాట్లాడకపోతే జనం నన్ను గుర్తుపట్టరు."

"కోచ్ గుర్తుపడితే చాలురా నాయనా."

ఆ సాయంత్రం ఆటలో జవాంటే నిజంగానే నోరెత్తలేదు. ఎదుటి జట్టువాడు బిత్తరపోయి, "ఒంట్లో బాలేదా?" అని అడిగాడు కూడా. జవాంటే తల ఊపాడు. వెనక్కి పరిగెత్తాడు, తిరిగాడు, అంటుకుపోయాడు. ఆట సగమయ్యేసరికి అతని వైపు ఒక్క బంతి కూడా రాలేదు. అంత చక్కగా ఆడాడు. ఎమెట్ వైపు మాత్రం బంతులు వానలా కురిశాయి. రెండుసార్లు ఎమెట్ బోల్తాపడ్డాడు కూడా. కోచ్ రాడ్కీ కాగితం మీద ఏదో రాసుకున్నాడు. చోటు ఎవరిదో తేలిపోయిందనే అందరూ అనుకున్నారు.

కానీ చక్కగా ఆడటం జవాంటేకి నచ్చలేదు. స్టేడియం అతన్ని చూడటం లేదు. జనం వేయించిన బెండకాయలు తింటున్నారు. ఒకావిడ తాళాలు తీసింది, అవి పర్సులో సర్దుకోవడానికి.

ఆటలో చివరిదైన నాలుగో భాగం సగంలో ఎట్టకేలకు బంతి ఇటొచ్చింది. జవాంటే ఎగిరాడు. ఎదుటివాడి వేళ్లకు జానెడు దూరంలో దాన్ని ఫెడీమని కొట్టాడు. ఎదుటివాడు వెల్లకిలా పడ్డాడు. ఎంత అందమైన దెబ్బంటే, అదక్కడితో అయిపోయి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

జవాంటే జనం వైపు తిరిగాడు. రెండు చేతులూ అడ్డంగా ఊపి, లేదు, అందలేదు, అని సైగ చేశాడు. పొద్దుట్నుంచి గొంతులో ఇరుక్కున్న మాటలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. "ఈ ఇల్లు నాది! తలుపేశా! తాళమేశా!" ఛాతీ దగ్గర తాళంకప్ప వేశాడు. చెవి తిప్పాడు.

తాళాలు గలగలలాడలేదు. జనమంతా లేచి నిలబడి అతని వెనక్కి వేళ్లు చూపిస్తూ అరుస్తున్నారు.

నేలను తాకేదాకా బంతి చచ్చినట్టు కాదు. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. జవాంటే కొట్టిన బంతి పైకి లేచి, గుండ్రంగా తిరిగి, వెల్లకిలా పడి ఉన్నవాడి పొట్ట మీద దిగింది. వాడు దాన్ని చంటిపిల్లను చూసినట్టు ఒక్క క్షణం చూశాడు. తర్వాత లేచాడు. జవాంటే తాళంచెవిని జనంలోకి విసురుతున్న క్షణంలోనే వాడు పక్కనుంచి పరిగెత్తుతూ, ఆ కనబడని చెవిని గాల్లో అందుకుని జేబులో వేసుకున్నట్టు నటించి మరీ పోయాడు.

జవాంటే కదల్లేదు. చేతులు అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. లేదు, అందలేదు. రిఫరీకి చెప్పాడు. గడ్డికి చెప్పాడు. మైదానం అటుచివర నుంచి ఎమెట్ అడ్డంగా పరిగెత్తుకొచ్చి, గోల్ గీతకు గజం ఇవతల వాణ్ణి కాళ్లు పట్టుకుని పడగొట్టాడు.

ఆట అయ్యాక విలేకరులు చుట్టుముట్టారు. "ఆ బంతి సంగతేంటి?"

"ఏ బంతి?" అన్నాడు జవాంటే. నిజంగానే అడిగాడు. అప్పటికే మరిచిపోయాడు.

ఇక హార్లన్ గీ సంగతి చెప్పాలి. తెల్లజుట్టు, మెత్తటి మాట, జేబు నిండా పిప్పరమెంట్లు. మిగతా సంవత్సరమంతా అతను ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు. ఆగస్టు చివర్లో జట్టును తగ్గించే రోజున మాత్రం మెల్లగా ఒకరి దగ్గరికి వచ్చి, "కోచ్ గారు రమ్మంటున్నారు బాబూ. టాబ్లెట్ కూడా తెచ్చుకో" అంటాడు. జట్టు ఎత్తుగడలన్నీ ఉండేది ఆ టాబ్లెట్‌లోనే. అది వెనక్కి అడిగారంటే ఇంటికి పొమ్మని. తర్వాత చేతిలో ఒక పిప్పరమెంటు పెడతాడు. ఆ వారం ఎద్దుల్లాంటి మగాళ్లు పిప్పరమెంటు వాసన తగిలితే చాలు, బాత్రూముల్లో దూరి గడియ పెట్టుకుంటారు.

శనివారం పొద్దున జవాంటే, ఎమెట్ ఒకే బల్ల దగ్గర కూర్చుని టిఫిన్ తింటున్నారు. జవాంటే పళ్లెంలో మొక్కజొన్న జావ, రొయ్యలు. ఎమెట్ పళ్లెంలో ఏమీ ముట్టుకోలేదు.

"తినరా. భయపడితే కడుపు నిండదు."

"మొన్న రెండుసార్లు పడ్డాను బాబాయ్."

"మరిచిపో! నన్ను చూడు. నాకేమైనా గుర్తుందా?"

హార్లన్ గీ లోపలికి వచ్చాడు. గదంతా నమలడం మానేసింది. అతను బల్లల మధ్య నుంచి మెల్లగా నడుస్తూ సరిగ్గా వీళ్ల దగ్గరే ఆగాడు. జవాంటే మనసు కరిగిపోయింది. లేచి ఎమెట్ భుజం మీద చెయ్యి వేశాడు.

"లేవరా అబ్బాయ్. ఏడవకు. నీకు వయసుంది. కెనడాలో కూడా ఫుట్‌బాల్ ఆడతారు. చలి ఎక్కువ, అంతే" అని గదంతా వినబడేలా ఓదార్చాడు. ఎమెట్ టాబ్లెట్ తనే తీసి, తుడిచి, గీ చేతికి అందించాడు. "తీసుకోండి గీ గారు. కుర్రాడు మంచివాడు. మీరు కూడా మంచిగా చెప్పండి."

గీ ఆ టాబ్లెట్‌ను తిరిగి బల్ల మీద పెట్టాడు. ఎమెట్ ముందుకు జరిపాడు.

"నీది బాబూ" అన్నాడు జవాంటేతో. చేతిలో పిప్పరమెంటు పెట్టాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

కోచ్ రాడ్కీ గదిలో గోడ మీద వీడియో ఆగి ఉంది. "కూర్చో" అన్నాడు కోచ్.

"కోచ్, బంతి అన్నాక ఎవరికైనా..."

"అవును, ఎవరికైనా పోతుంది. ఎమెట్‌కి రెండు పోయాయి. నేను నిన్ను బంతి పోయినందుకు తీసెయ్యట్లేదు." కోచ్ బొమ్మను కదిలించాడు. "తర్వాత చూడు."

తను ఓడిన ఆటల వీడియో జవాంటే ఎప్పుడూ చూసి ఎరగడు. ఇప్పుడు చూశాడు. తెర మీద ఒక పెద్దమనిషి, మెడలో గుప్పెడు బంగారంతో, చేతులు ఊపుతున్నాడు. బంతి పట్టినవాడు దూరమవుతున్నాడు. పెద్దమనిషి ఊపుతూనే ఉన్నాడు. ఎక్కడో చివర నుంచి ఒక కుర్రాడు వచ్చి తెరను అడ్డంగా దాటి పోయాడు. పెద్దమనిషి పక్క నుంచే పోయాడు. పెద్దమనిషి మాత్రం కెమెరా ఎటుందా అని వెతుక్కుంటున్నాడు.

"నీ కాళ్లు ఇంకా బాగానే ఉన్నాయి ప్రూయిట్" అన్నాడు కోచ్. "అదే నా కడుపుమంట."

 జవాంటే టాబ్లెట్ బల్ల మీద పెట్టి బయటికి వచ్చాడు.

పార్కింగులో ఎర్నస్టీన్ పాత కారులో కూర్చుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తింటోంది.  జవాంటే సంచీ వెనక సీట్లో పడేసి పక్కన కూర్చున్నాడు.

"కోచ్ ఓడెల్ వల్లేనమ్మా ఇదంతా" అన్నాడు. "మరిచిపో మరిచిపో అని చెప్పి నన్ను ఇలా తయారుచేశాడు."

ఎర్నస్టీన్ తొక్కలు కిటికీలోంచి పారేసింది. "ఆ రోజుల్లో మీ స్కూలు మైదానం కంచె పక్కన ఈ కాయలే అమ్మేదాన్ని. ఆయన చెప్పిన ప్రతి ముక్కా విన్నాను. 'ముందు తరుము, తర్వాత మరిచిపో' అన్నాడాయన. మొదటి సగం నువ్వు ఆ రోజే మరిచిపోయావు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. ఏటా చెప్పాను. నువ్వేమో మాట్లాడుతూనే ఉన్నావు." కారు స్టార్ట్ చేసింది. "వెనక ఏమైనా ఉందేమో చూడు. వెనక్కి పోవడం నీకు తెలిసిన పనేగా."

జవాంటే సగం తల తిప్పి, "ఏమీ లేదు, పోనీ" అన్నాడు.

ధడేల్‌మంది. క్యాంటీన్ వాళ్ల పెద్ద చెత్తడబ్బా. చక్రాల మీద అది పక్కకు తిరిగి, వాలు మీద దొర్లుకుంటూ కిందికి పోసాగింది. మెల్లగా మొదలై జోరందుకుంది. కింద గేటు పక్కన ఎమెట్ పాత కారు ఉంది. ఎమెట్ దానికి ఆనుకుని, ఫోన్లో ఎవరికో తన శుభవార్త చెబుతున్నాడు.

జవాంటే చేతులు అలవాటుగా సగం దాకా లేచాయి. లేదు, తగల్లేదు, అని చెప్పడానికి. తర్వాత కిందికి దిగాయి. తలుపు తోసుకుని పరిగెత్తాడు, ముందుకి. బంగారు తాళంకప్ప గడ్డానికి కొట్టుకుంటోంది, ఒక చెప్పు ఊడిపోయింది, అరటి తొక్కలు కాళ్ల కింద పడుతున్నాయి. కారుకి బారెడు దూరంలో డబ్బాను రెండు చేతులా కావలించుకుని దానితోపాటే పడ్డాడు. అది ఆగింది. ఒంటి నిండా మొక్కజొన్న జావ.

ఎమెట్ పరిగెత్తుకొచ్చాడు. "బాబాయ్! దెబ్బ తగిలిందా?"

జవాంటే రొప్పుతూ అతని వైపు చూశాడు. నాలుక కోస్తాననలేదు.

"నీ కారుకేం కాలేదు చూసుకో" అన్నాడు.

పైన, కిటికీలోంచి తల బయటికి పెట్టి ఎర్నస్టీన్ కారు తాళం కోసం చూసుకుంది. అది ఇంజనుకే ఉంది. గలగలలాడించడానికి వీల్లేక అరిచింది.

"ఆఁ! ఇప్పుడు మరిచిపో!"