సిద్ది గదుమ మీది చుక్కలు

ఇంట్ల కంప్యూటర్ల ఫోటోలు పెట్టుకోనీకె, దిద్దుకోనీకె ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని ఎవరన్న అడుగుడే ఆలస్యం, మన ఉరుకుందప్ప కుర్చీ దగ్గరికి జరుపుకోని మొదలు పెడ్తుండె. శక్తినగర్ థర్మల్‌ల బొగ్గు బెల్టు కాడ డ్యూటీ. చదివింది ఏడో క్లాసు, అది పాసో ఫెయిలో ఆయనకే యాదికి లేదు. అయితే ఏంది, క్వార్టర్ల కంప్యూటర్ పెట్టిన సంది మనిషి ఆగుతలేడు. నెట్ల ఒక గ్రూపుల చేరి, ఎవరెవరినో అన్నా అన్నా అని అడిగి, మూడు సాఫ్ట్‌వేర్లు ఎక్కించిండు.

మొదటిది కెమెరాతోని ఒచ్చిన సీడీలది. ఫోటోలు తారీకు లెక్కన సక్కగ పేరుస్తది గానీ దిద్దుడు రాదు దానికి. రెండోది నెట్ల ఫ్రీగ దొరికింది. ఒక్క బటన్ ఒత్తితే సాలు, చీకటి ఫోటో వెలుగైతది, మొకం మీది మచ్చ మాయమైతది. మూడోది ప్లాంటు ఆఫీసుల క్లర్కు వాదిరాజ్ ఇచ్చిండు. అండ్ల అన్నీ చేత్తోని చేసుకోవాలె, బ్రష్షు పట్టుకోని సుక్క సుక్క దిద్దాలె. అది తెరిస్తే పైన ఇన్ని బొమ్మలు, పక్కన ఇన్ని బొమ్మలు.

"ఇది మా కంట్రోల్ రూం లెక్కున్నది, మనతోని గాదు" అని మూసేసిండు.

"అయితే ఒక్క బటన్‌దే పెట్టు" అన్నది భార్య అంబమ్మ. "మిక్సీకి గూడ మూడు బటన్లున్నయి, నాకు పదేండ్లయినా ఒక్కటే తెలుసు. చట్నీ అయితలేదా?"

అట్ల రెండోదే ఖాయమైంది. ఫోటోలన్నీ ఒక్కసారే గుర్తు పెట్టి, 'మొత్తం దిద్దు' అనే బటన్ ఒత్తిండు. చాయ్ తాగి ఒచ్చే లోపల పెండ్లి ఫోటోలు, ఉరుసు ఫోటోలు, ఆఫీసు సన్మానం ఫోటోలు అన్నీ తళతళ మెరుస్తున్నయి. 'పాతవాటి మీదనే సేవ్ చెయ్యాల్నా' అని మషీన్ అడిగింది. ఎందుకొద్దు, రెండు రెండు పెట్టుకోని ఏం చేస్తమని ఔనన్నడు.

ఆ ఫోటోలల్ల అక్క ఇచ్చిన ఫోటో గూడ ఉన్నది.

ఉరుకుందప్ప అక్క మారెవ్వ యాపలదిన్నిల ఉంటది, కూలి పని. థర్మల్ కట్టే కాలంల ఈడనే మట్టి గంపలు మోసింది. మొగుడు అప్పటికే లేడు. ఎనిమిదేండ్ల బిడ్డ సిద్దమ్మ ఎంట తిరుగుతుండె. ఒక దినం పచ్చబొట్లు పొడిచే ఆమె లేబర్ గుడిసెల తిక్కు ఒచ్చింది. తల్లీబిడ్డ పక్కపక్కన కూసోని గదుమ మీద ఒక్క తీరుగ మూడు సుక్కలు పొడిపించుకున్నరు. బంగారం ఈడనే ఉంటది, కట్టుకున్న చీర మట్టిల పోతది, పైకి మనతోని ఒచ్చేది పచ్చబొట్టే అని మా తిక్కు నమ్మకం. ఆడ వేలమందిల తల్లి బిడ్డను, బిడ్డ తల్లిని దాన్ని చూసే గుర్తు పట్టాలె.

ఆ వానకాలమే సిద్దికి జరం ఒచ్చి దక్కలే. జరం కంటె ముందు రాయచూరు నుంచి ఒక ఫోటోలాయన ఒచ్చి, సగం లేసిన చిమ్నీ ముందట కూలోళ్ళకు ఫోటోలు తీసిండు. అండ్ల ఒకటి సిద్దిది. మారెవ్వకు మిగిలింది అదొక్కటే.

గోడకున్న ఆ ఫోటో మీదికి పోయినేడు వాన నీళ్ళు కారినయి. కాయితం అద్దానికి అతుక్కపోయింది. "తమ్మీ, నీ మషీన్ల పెట్టి ఉంచు, ఇదిట్లనే ఉంటే పోతది" అని మారెవ్వ తెచ్చిచ్చింది. వాదిరాజ్ ఇంట్ల స్కానర్ ఉంటే అద్దంతోనే పెట్టి తీపిచ్చిండు. అంతటితోని ఊకుంటే అయిపోతుండె. ఇంటికొచ్చి అద్దం నుంచి ఫోటో ఊడదీయవోయిండు. మొకం మొకమంతా పొరలు పొరలుగ లేసొచ్చింది.

"ఫికర్ జేయకక్కా, కంప్యూటర్ల భద్రంగ ఉన్నది. ఇంక యాడికీ పోదు" అని ఫోన్ల చెప్పిండు.

ఆ మాట నమ్మి, ఆదివారం పొద్దున బస్సు దిగి ఒచ్చింది మారెవ్వ. కాళ్ళు గడుక్కోని నేరుగ కంప్యూటర్ ముందటికే. "చాయ్ తాగు వదినె" అని అంబమ్మ అంటున్నా వినలే.

ఉరుకుందప్ప షోకుగ ఫోటో తెరిసిండు. సిద్ది తెల్లగ, నున్నగ, పూలపూల లంగల నిలవడ్డది. ఎనకాల చిమ్నీ.

"అయ్యో నా తల్లీ" అన్నది మారెవ్వ. "నీళ్ళ మరకలన్నీ పోయినయి గదరా."

"మరి! ఒక్క బటనక్కా."

ఆమె కొంగుతోని కండ్లు తుడుసుకోని ముందటికి ఒంగింది. ఇంకా ఒంగింది. ముక్కు తెరకు తగిలేటట్టున్నది.

"సుక్కలేవిరా?"

"ఏ సుక్కలు?"

"గదుమ మీదియి."

ఉరుకుందప్ప చూసిండు. గదుమ కోడిగుడ్డు లెక్క నున్నగున్నది. నీళ్ళ మరకలతోని పాటు మషీన్ పచ్చబొట్టును గూడ మచ్చనుకోని తుడిచేసింది. లైటు పడి కనిపిస్తలేదక్కా అనవోయిండు. నాలుక దాక ఒచ్చిన మాట అక్క మొకం చూసి మింగిండు.

"నేనే చేసిన అక్కా. బటన్ ఒత్తిన. పోయినయి."

"మల్ల ఎనకకు ఒత్తు."

"పాతదాని మీదనే సేవ్ చేసిన."

వాదిరాజ్‌కు ఫోన్ కొట్టిండు. "నాతాన లేదప్పా" అన్నడాయన. "కాపీ చేయలే, కట్ చేసి నీ పెన్ డ్రైవ్‌ల వేసిన. మా కంప్యూటర్ల జాగ లేకుండె. పెన్ డ్రైవ్‌ల ఉంటది గదా?"

పెన్ డ్రైవ్‌ల ఉన్నదంతా తుడిచి ఉరుకుందప్ప పాటలు నింపుకున్నడు.

మారెవ్వ నేల మీద కూసోని, అరిచెయ్యి గదుమ కింద పెట్టుకున్నది. "నా కండ్లల్ల దాని మొకం ఎప్పుడో మసక వడ్డదిరా. ఈ ఫోటో చూసుకోనే యాది పెట్టుకుంట ఒస్తున్న. గిట్ల సుక్కల్లేని పిల్లనే చూసుకుంట పోయిన్ననుకో, పైకి పోయినంక ఎవర్ని ఎతుక్కోవాలె?"

"ఫోటోల పోతే పిల్లకు పోయినట్టేనా వదినె?" అన్నది అంబమ్మ మెల్లగ. "దాని ఒంటి మీదియి దానికే ఉన్నయి."

"దానికున్నయి లే. నాకు గావాలె గదా."

అంబమ్మ మొగని తిక్కు తిరిగింది. "ఏందయ్యా, ఆ కంట్రోల్ రూం లెక్కున్నది తీయరాదు? బ్రష్షుంటదంటివి."

"నాకు రాదే."

"బెల్టు నడుపుడు తల్లి కడుపుల నేర్చుకున్నవా?"

వాదిరాజ్‌ను ఫోన్ల పెట్టుకోని మూడో సాఫ్ట్‌వేర్ తెరిసిండు. ఆయన చెప్పుకుంట పోతుంటే, బ్రష్షు ఏడున్నది, రంగెట్ల పట్టాలె, సైజెట్ల తగ్గియ్యాలె, ఒక్కొక్కటి ఎతికి పట్టిండు. మొదటి సుక్క పెట్టంగనే గోలీ అంత పడ్డది. "వామ్మో" అని తుడిచిండు. సైజు ఇంకింత తగ్గిచ్చిండు.

"అక్కా, మూడు సుక్కలు వరసగనా, పొయ్యిరాళ్ళ లెక్కనా?"

మారెవ్వ గదుమ తడుముకున్నది. "వరసగనే... కాదు... నాకు తెల్వదురా. అద్దంల చూసుకునుడు ఇడిసిపెట్టి ఎన్నేండ్లాయె. నన్ను చూడు. ఒక్కామెనే పొడిచింది ఇద్దరికి."

కుర్చీ మీద కూసోని గదుమ పైకెత్తింది. ఉరుకుందప్ప అద్దాలు సర్దుకోని అక్క మొకంల మొకం పెట్టి చూసిండు. పండగలకు పబ్బాలకు ఒస్తది, పోతది, ఇట్ల ఎన్నడు చూసిండు? తోలు ముడతల నడుమ మూడు సుక్కలు, మీద ఒకటి, కింద రెండు. పారి పారి నీలం మరకలైనయి. ఒక పన్ను లేదు. కణతల కాడ గంప మోసేటప్పుడు నెత్తికి కట్టిన గుడ్డ ఒరిసిన గీత ఇంకా ఉన్నది.

"గంత సేపేందిరా? సంతల ఎద్దును చూసినట్టు!"

"సుమ్నె కూసో అక్కా, కదలకు."

"నాయంత పెద్దగ పెట్టకు. నాయి వయసు మీద పారినయి. దానియి ఆవగింజంత ఉండె."

మీదిది పెట్టిండు. తెరను చూసి అక్కను చూసిండు, అక్కను చూసి తెరను చూసిండు. కింద ఎడమది పెట్టిండు. "జర ఇవతలికి" అన్నది మారెవ్వ. తుడిచి జరిపిండు. మూడోది పెడుతుంటే ఆమె తమ్ముని భుజం గట్టిగ పట్టుకోని మొకం పక్కకు తిప్పుకున్నది. "అయిందా?"

"అయిందక్కా. చూడు."

చూసింది. చానా సేపు చూసింది. అంబమ్మ గూడ వంటింట్లకు పోకుండ ఎనకాలనే నిలవడ్డది.

"పొడిచిన దినం అరిచి అరిచి గుడిసెలన్నీ ఒక్కటి చేసింది" అన్నది మారెవ్వ. "నేను చేతులు వట్టుకుంటే నన్నే కొరికింది. ఈ సారి ఏడ్వలే."

"బరాబర్ ఉన్నదా అక్కా? మల్ల దిద్దాల్నా?"

"ఉన్నది. నా పిల్లనే ఇది."

ఉరుకుందప్ప సేవ్ ఒత్తిండు. ఈ సాఫ్ట్‌వేర్ గూడ అదే సవాలు అడిగింది. ఈ సారి చెయ్యి ఆపి, అక్కకు చదివి చెప్పిండు. "పాతదాని మీదనే పెట్టాల్నా అని అడుగుతున్నది. ఏమనాలె?"

"ఒద్దురా తమ్మీ" అన్నది మారెవ్వ. "దేని మీద ఏదీ పెట్టొద్దు. దీనికి వేరే జాగియ్యమను."

కొత్త పేరు రాయమని గీత మినుకుమినుకుమంటుంటే, ఉరుకుందప్ప ఒక్కొక్క అక్షరం ఎతికి ఒత్తిండు. మారెవ్వ బిడ్డ సిద్దమ్మ.