కాల్ వినపడని గది

గంగాభవాని ఇంట్లో గోడగడియారం ఉంది గాని, దాని మాట చెల్లదు. ఆ ఇంటికి పొద్దు పొడిచేదీ పొద్దు గుంకేదీ లాబీ నుంచి వచ్చే డ్యూటీ కాల్‌తోనే. ఆమె భర్త పరదేశి గూడ్సు బండి డ్రైవరు. రాయపూర్ స్టేషన్లో డ్రైవర్లకు డ్యూటీలు వేసే ఆ లాబీ ఏ వేళ పిలిస్తే ఆ వేళ వెళ్ళాలి. బండి ఏ వేళ వదిలితే ఆ వేళ రావాలి. పూర్వం సైకిలు మీద మనిషి వచ్చి తలుపు తట్టేవాడు, ఇప్పుడు ఫోను బుర్రుమంటుంది. తట్టినా బుర్రుమన్నా ముందు లేచేది గంగాభవానే.

బొబ్బిలి వైపు నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు ఒక మాట చెప్పింది. ఇంజను ఎక్కే మనిషిని ఇల్లాలు గుమ్మంలో నిలబడి సాగనంపాలి. దిగివచ్చిన మనిషికి వేడి అన్నం పెట్టి ఎదుట కూర్చోవాలి. ఆ మాటను ఆమె మొక్కులా మోసింది. రైల్వే కాలనీ పక్కనుంచి పోయే బళ్ళు ఎన్ని కూతలు కూసినా ఆమె కదలదు. దిండు పక్కన ఫోను వణికితే చాలు, లేచి పొయ్యి వెలిగిస్తుంది.

అలాంటి మనిషికి పెద్దపేగులో కణితి లేచింది. కోసి తీశారు. మిగిలిన వేరు మాడాలంటే కీమో తప్పదన్నారు. తొలి విడతలకే నోరు పుండైంది, మంచినీళ్ళు నిప్పుకణికల్లా దిగాయి, అన్నం పేరెత్తితే కడుపు తిరగబడింది. డాక్టర్ భావన దాచకుండా చెప్పింది: ఇదే తీరు మళ్ళీ వస్తే మందు తగ్గించాలి, లేదా ఆపాలి. ఆపితే ఆ వేరు తిరిగి చిగురించదని తాను మాట ఇవ్వలేనంది.

భావన భిలాయిలో పెరిగిన స్టీలు ప్లాంటు తెలుగువారి పిల్ల. ఇంట్లో నేర్చిన తెలుగులోనే ఒక దారి కూడా చెప్పింది. ఒంట్లో ప్రతి పొరకూ పనివేళ, విశ్రాంతివేళ ఉంటాయట. ఈ మందు కణితినే కాక, అప్పుడప్పుడే పెరుగుతున్న నోటి పొరనూ కొడుతుందట. ఆ పొర విశ్రమించే నిద్రవేళలో మందు ఎక్కువగా పారేలా నడుముకు కట్టే చిన్న పంపులో అమర్చవచ్చట. అందరికీ పనిచేస్తుందని ఎవరూ తేల్చలేదనీ, ప్రయత్నించి చూద్దామనీ అంది.

"కాకపోతే ఆంటీ, మీ ఒంటికి ఒక టైమ్‌టేబుల్ ఉండాలి. రోజూ ఒకే వేళకి నిద్ర, ఒకే వేళకి మెలకువ."

"మాది మాల్‌గాడీ, గూడ్సుబండి ఇల్లమ్మా," అంది గంగాభవాని. "మాల్‌గాడీకి టైమ్‌టేబుల్ ఎక్కడుంటాది?"

"అయితే కొన్నాళ్ళు ఎక్స్‌ప్రెస్ అయిపోండి," అని నవ్వి, నిద్రను కనిపెట్టే పట్టీ ఒకటి ఆమె మణికట్టుకు కట్టింది భావన.

ఆ నాటి నుంచి పరదేశి పిల్లిలా మసలాడు. ఫోనును గుండె జేబులో పెట్టుకున్నాడు, బూట్లు చేత పట్టుకుని వాకిలి దాటాడు. అయినా ఏం లాభం? అతని ఊపిరి మారితేనే ఆమెకు తెలిసిపోయేది. కళ్ళు మూసుకుని, గేటు చప్పుడయ్యే దాకా చెవులు తెరుచుకుని పడుకునేది. ఆమె నిద్రపోయిందని అతను సంతోషంగా వెళ్ళేవాడు, అతను అలా నమ్మాడని ఆమె సంతోషించేది, నిద్ర మాత్రం ఆ ఇద్దరినీ చూసి దూరంగా జరిగేది.

పట్టీ గీసిన గీతలు చూసి భావన తలెత్తింది. "ఆంటీ, నిద్రపోయారా, కళ్ళు మూసుకున్నారా?"

గంగాభవాని అబద్ధమాడలేదు. "మూసుకున్నాను."

ఒంటికి రాత్రే లేనప్పుడు రాత్రికని మందు పోసి ప్రయోజనం లేదంది భావన. తరువాతి విడతను ఎక్కువ నాళ్ళు వెనక్కి జరపడానికీ లేదంది. ఆ మాట గంగాభవాని లోపల మేకులా దిగింది. ఆటోలో ఇంటికి వచ్చే దారిలోనే ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది. తన ఇంటి ముందు ఆగిన ఆటోను మళ్ళీ పోనిమ్మని, కాలనీ అటు కొసన ఉన్న కోటమ్మ ఇంటి ముందు దిగింది. కోటమ్మ ఒంటరి మనిషి, వరసకు పిన్ని. ఆమె వెనకగదిలో కొన్ని నెలలు పడుకుంటానని అడిగింది.

"మొగుడు ఇంట్లో ఉండగా పరాయి పంచన పడకేటే? కాలనీ నోరు నువ్వు కడతావా, నాను కట్టాలా?" అంది కోటమ్మ. కాసేపటికి తానే మెత్తబడి, "నా గురక ఇన్నావా ఎప్పుడైనా? ఇంజనుకి తీసిపోదు," అంది.

"ఇంజను కూతకి నేను లేవను పిన్నీ. కాల్ ఇనపడకపోతే చాలు."

పరదేశికి ఆ సంగతి చెప్పడమే కష్టమైంది. వేళకు అన్నం వండిపెట్టే మనిషి ఉండదని అతను వెరవలేదు. కంచం పక్కకు జరిపి, నెమ్మదిగా అన్నాడు: "నీ మొకం సూడకుండా నానెప్పుడూ బండెక్కలేదు భవానీ."

"ఈ మొకం ఇంకొన్నేళ్ళు సూడాలంటే, ఇప్పుడు కొన్నాళ్ళు సూడకుండా ఎళ్ళండి."

అతను దిండు తానే మోసుకుని ఆమెను కోటమ్మ ఇంట దిగబెట్టాడు.

కుళాయి దగ్గర గుసగుసలు పుట్టాయి. పోట్లాడుకున్నారా అని ఒకరు, అత్త బతికి ఉంటేనా అని ఒకరు. గంగాభవాని బిందె నింపుకుని వచ్చేసేది. అంతకన్నా గట్టి పోరు ఆమెకు గదిలో ఉంది. ఎవరూ పిలవకపోయినా ఒళ్ళు ఉలిక్కిపడి లేచేది. లేచినా మంచం దిగలేదు, దీపం వేయలేదు, ఆయన బయలుదేరాడో లేదో అని తలపోయలేదు; తలపోసినా తలుపు దాకా వెళ్ళలేదు. తెల్లవారాక మాత్రం నిద్ర ఎంత తీపిగా పట్టినా లేచి ఎండలో కూర్చునేది. మొండి దూడను రాటకు అలవాటు చేసినట్టు, ఒంటిని వేళకు అలవాటు చేసింది. కొన్ని వారాలకు పట్టీ గీత పగలు కొండలా లేచి, రాత్రి లోయలా దిగింది. భావన ఆ లోయను వేలితో చూపి, "మందు ఇక్కడ పోద్దాం," అంది.

పంపు నడుముకు కట్టుకుని గంగాభవాని కోటమ్మ గురక పక్కన నిద్రపోయింది.

నోరు పుండయ్యే రోజులు వచ్చాయి, ఆమె నాలుకతో తడుముకుంటూ కాచుకుంది. అంచున ఒక పొక్కు లేచింది, ఒక్కటే. ఆ సాయంత్రం తన ఇంటికి వెళ్ళేసరికి పరదేశి అన్నం మెత్తగా వండి, పప్పుకట్టు కాచి ఉంచాడు. అన్నం అడుగంటిన వాసన గదంతా ఉంది. ఆమె ఒక ముద్ద నోట పెట్టుకుని ఆగింది. అతను మంచినీళ్ళ గ్లాసు ఆమె దగ్గరికి జరిపాడు.

"ఉప్పు మరిచారు," అంది. నాలుకకు ఆ లోటు తెలిసిందన్న సంతోషంతో రెండో ముద్ద కలిపింది.

కంచం ఖాళీ అవుతుండగా అతని ఫోను బుర్రుమంది. కాల్. ఆమె కాళ్ళు వాటంతట అవే లేచాయి. పాత అలవాటు గుమ్మం వైపు లాగింది. గోడగడియారం వంక చూసింది. తన నిద్రవేళ దగ్గర పడింది, ఇంకా ఎన్నో విడతలు మిగిలి ఉన్నాయి.

చేయి కడుక్కుని, చెప్పులు తొడుక్కుని, "వేళయింది, ఎళ్తాను," అంది.

యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటూనే పరదేశి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆమె వీధి మలుపు తిరిగే దాకా అలాగే నిలబడి, సాగనంపి, ఆ తరువాతే బూట్లు తొడుక్కున్నాడు.